అన్నీ నీతికథలేనా?

సాయంత్రమైతే నిజాంపేట అపార్ట్‌మెంట్ల బెంచీల మీద గోదావరి యాస, కరీంనగర్ యాస పక్కపక్కనే వినిపిస్తాయి. మనవల కోసం ఊళ్లు వదిలి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మల మాటలవి. ఈ సంచిక వాళ్ల నోటి కథలకే.

వాటన్నిటినీ నీతికథలని ఒకే గాటన కట్టేస్తున్నాం. అది అన్యాయం. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో బంగారు కడియం చూపే ముసలిపులిది అచ్చమైన నీతికథ. బాటసారి ఆశపడతాడు, బురదలో దిగబడతాడు, పులికి ఆహారమవుతాడు. పాఠం అక్కడికక్కడే తెలిసిపోతుంది.

పదిహేనో శతాబ్దపు అనంతామాత్యుడి భోజరాజీయంలోని ఆవు, పులి కథ దారి వేరు. దూడకు పాలిచ్చి వస్తానన్న ఆవు నిజంగానే తిరిగొచ్చి పులి ముందు నిలబడుతుంది. ఆ చోట నేనైతే ఏం చేసేవాణ్ణని వినేవాడు తనను తాను అడుక్కోక తప్పదు. చావు ఎరుగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని కిసాగోతమిని బుద్ధుడు పంపిన కథా ఇంతే. ఇవి దృష్టాంతాలు.

ఇక పేదరాశి పెద్దమ్మ ఇంట్లో బస చేసే రాకుమారుడి కథలో నీతిని వెతకడం దండగ. భయం, ఆశ్చర్యం, గెలుపు, అంతే. ఏడు చేపల కథలోనైతే ఎండని చేప నుంచి చీమ దాకా సాగే ప్రశ్నల గొలుసే ఆనందం.

కథ ముగియగానే పిల్లల్ని నీతి చెప్పమని నిలదీయకండి. ముందు వాళ్లనే అడగనివ్వండి. కథలన్నీ చెప్పినవారి యాసలోనే అచ్చువేశాం. గొంతెత్తి చదవండి.