నియమం ఒకటే, ఎదుర్కొనే స్తోమత ఒకటి కాదు

2024లో మన దేశం నుంచి 7,113 డోపింగ్ నమూనాలు పరీక్షకు వెళితే, 260 నమూనాల్లో నిషిద్ధ మందుల జాడ బయటపడింది. అంటే నూటికి 3.6కు పైగా. అంతకు ముందు ఏడాది 5,606 నమూనాలకు 213. అయిదు వేలకు పైబడి పరీక్షలు చేసే దేశాల్లో ఇంత శాతం మరెక్కడా లేదని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ లెక్కలే చెబుతున్నాయి. 2024లో 11,744 నమూనాలు పరీక్షించిన ఫ్రాన్స్‌లో దొరికినవి 91. 2030 కామన్‌వెల్త్ క్రీడలను అహ్మదాబాద్‌కు తెచ్చుకుని, 2036 ఒలింపిక్స్ కోసం ప్రయత్నిస్తున్న దేశానికి ఇది పరువు తక్కువ పనే. అందుకే పరీక్షలు ఇంకా పెంచాలి, శిక్షలు ఇంకా కఠినం చేయాలి అన్న మాట గట్టిగా వినిపిస్తోంది.

పరీక్షలు పెరగాల్సిందే. కానీ పరీక్షలు పెరిగినంత మాత్రాన న్యాయం పెరగదు. సీసాలో ఏముందో ప్రయోగశాల చెబుతుంది. అది ఒంట్లోకి ఎలా చేరిందో చెప్పుకోవలసింది మాత్రం క్రీడాకారుడే. ఆ చెప్పుకునే శక్తి వెంట డాక్టరు, వకీలు, డబ్బు ఉన్నవారికి ఒకలా ఉంటుంది, హైదరాబాద్ పాతబస్తీలో తాలీంకు, అంటే కుస్తీ కసరత్తుశాలకు, వెళ్లే కుర్రాడికి ఇంకోలా ఉంటుంది. డోపింగ్ మీద మనం చేస్తున్న చర్చలో చోటు దొరకని అసలు సంగతి ఇదే.

సైక్లింగ్ చూపిన తేడా

ఈ తేడా బాహాటంగా కనిపించిన క్రీడ ప్రొఫెషనల్ సైక్లింగ్. 2017 సెప్టెంబరులో స్పెయిన్‌లో జరిగే ‘వుయెల్టా’ రేసు సమయంలో బ్రిటన్ సైక్లిస్టు క్రిస్ ఫ్రూమ్ నమూనాలో మిల్లీలీటరుకు 2,000 నానోగ్రాముల సాల్బుటమాల్ కనిపించింది. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్‌తో పీల్చుకునే మందు అది. అనుమతించిన పరిమితి 1,000. ఒంట్లో నీరు తగ్గిన సంగతిని లెక్కలోకి తీసుకుని సరిచేశాక కూడా అంకె 1,429 దగ్గర నిలిచింది. అతని తరఫున శాస్త్ర నిపుణులు, న్యాయవాదులు నెలల తరబడి పనిచేశారు. 2018 జులై 2న, టూర్ డి ఫ్రాన్స్ మొదలవడానికి అయిదు రోజుల ముందు, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కేసు మూసేసింది. ఏ శిక్షా లేదు.

2014లో ఇటలీ సైక్లిస్టు దియేగో ఉలిస్సీకీ ఇదే మందు, సుమారు 1,900 నానోగ్రాములతో ఇదే సమస్య వచ్చింది. అతనికి తొమ్మిది నెలల నిషేధం పడింది. ఫ్రూమ్ దోషి అని గానీ, ఉలిస్సీ నిర్దోషి అని గానీ నేననడం లేదు. ఆ నాలుగేళ్లలో నిబంధనలూ కొంత మారాయి. కానీ మంచి నిపుణులను పెట్టుకోగల ఆర్థిక స్తోమత ఫ్రూమ్‌కు ఎక్కువగా ఉందన్న మాట ఆ సమాఖ్య అధ్యక్షుడు డేవిడ్ లపార్టియాన్ నోటి నుంచే వచ్చింది. తీర్పు ఇచ్చిన సంస్థ పెద్దే ఆ మాట అన్నాక, సందేహం అభిమానుల ఊహ అని కొట్టిపారేయలేం.

మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు. 2019 ఫిబ్రవరిలో క్రికెటర్ పృథ్వీ షా నమూనాలో టెర్బుటలిన్ దొరికింది. దగ్గు మందులో ఉండేదే అది. అప్పటికి క్రికెట్ బోర్డు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ‘నాడా’ పరిధిలోకి రాలేదు, విచారణ తానే జరుపుకుంది. జులై 30న ఎనిమిది నెలల నిషేధం ప్రకటించి, దాన్ని మార్చి 16 నుంచే లెక్క కట్టింది. ప్రకటన వచ్చేనాటికి సగానికి పైగా శిక్ష గడిచిపోయింది. దగ్గు మందు పొరపాటున తాగానన్న మాటను బోర్డు నమ్మింది, మంచిదే. అదే మాట ఓ జిల్లా స్థాయి రన్నర్ చెబితే ఎంతమంది నమ్ముతారు?

పాతబస్తీ సంగతి

పాతబస్తీకి కసరత్తు కొత్త కాదు. నిజాం కాలం నుంచీ తాలీంలు ఉన్నాయి. అరబ్బు సైనికుల వారసులు స్థిరపడిన బార్కస్ నేటికీ పహిల్వాన్ల పేటే. ఇవాళ శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట దాకా గల్లీ గల్లీకీ జిమ్‌లు వెలిశాయి. ఒకే జిమ్‌లో, ఒకే అద్దం ముందు రకరకాల వాళ్లు కనిపిస్తారు. పెళ్లిలోపు ఒళ్లు తీర్చిదిద్దుకోవాలనుకునేవాడు ఒకడు, బౌన్సర్ ఉద్యోగం కోసం కండలు పెంచుతున్నవాడు ఇంకొకడు. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసు శాఖలోనో కొలువు దొరుకుతుందన్న ఆశతో కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్ చేసేవాడు మరొకడు. నాడా పరీక్ష తలుపు తట్టేది ఆ చివరివాడి దగ్గరే. మందు మాత్రం అందరి దగ్గరికీ వస్తుంది.

ఆ మందుల్లో మెఫెంటర్‌మిన్ సల్ఫేట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇచ్చినప్పుడు రోగి రక్తపోటు పడిపోతే నిలబెట్టడానికి డాక్టర్లు ఇచ్చే ఇంజెక్షన్ అది. చీటీ లేకుండా అమ్మకూడదు. అలసట తెలియకుండా ఇంకో గంట బరువులు ఎత్తవచ్చని చెప్పి దాన్ని జిమ్ కుర్రాళ్లకు అంటగడుతున్నారు. మోతాదు మించితే గుండె దెబ్బతింటుంది, అలవాటు పడితే మానడం కష్టం. హైదరాబాద్ పోలీసులు, రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అధికారులు ఈ ఇంజెక్షన్ సీసాలను పలుమార్లు పట్టుకున్నారు. వాటిలో పాతబస్తీ కేసులూ ఉన్నాయి.

వాడా నిషిద్ధ జాబితాలో మెఫెంటర్‌మిన్ కఠినమైన వర్గంలోనే ఉంది. పోటీ రోజు నమూనాలో అది దొరికితే వెంటనే తాత్కాలిక సస్పెన్షన్ పడుతుంది. ఉద్దేశపూర్వకంగా తీసుకోలేదని క్రీడాకారుడు రుజువు చేసుకోలేకపోతే నాలుగేళ్ల నిషేధం. అమ్మినవాడు బెయిలు మీద బయటికి వచ్చి మళ్లీ దుకాణం తెరిచే లోపు, పొడిపించుకున్న పందొమ్మిదేళ్ల కుర్రాడి క్రీడాజీవితం ముగిసిపోవచ్చు.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

డోపింగ్ పరీక్ష గదిని కాస్త దగ్గరగా చూస్తే ఈ అసమానత ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. పోటీ ముగియగానే అధికారి వచ్చి నోటీసు ఇస్తారు. అప్పటి నుంచి ఓ మనిషి వెంటే ఉంటారు. సీలు వేసిన కిట్లలోంచి ఒకటి క్రీడాకారుడే ఎంచుకోవాలి. అధికారి చూస్తుండగా కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి. దాన్ని ‘ఎ’, ‘బి’ సీసాల్లో పోసి, సీలు వేసి, సీసా మీది నంబరునూ కాగితం మీది నంబరునూ సరిచూసుకోవాలి. ఆ తర్వాత ఫారంలో ఓ గడి వస్తుంది: గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు.

కేసు భవిష్యత్తు సగం ఆ గడిలోనే తేలిపోతుంది. జట్టు డాక్టరు ఉన్నవాడు జాబితా మొత్తం రాస్తాడు. ఏది రాస్తే ఏమవుతుందోనని భయపడే కుర్రాడు ‘ఏమీ లేదు’ అని రాసి సంతకం పెడతాడు. నెల తర్వాత ఫలితం వచ్చాక ప్రొటీన్ పొడి గుర్తొచ్చినా, ముందే ఎందుకు రాయలేదని అడుగుతారు. డబ్బా చూపించమంటారు. సీలు విప్పని, అదే బ్యాచ్ నంబరు డబ్బాను ప్రయోగశాలకు పంపితేనే కల్తీ జరిగిందన్న వాదన నిలబడుతుంది. జిమ్‌లో స్కూపు లెక్కన కొనుక్కుని తాగినవాడు ఏ డబ్బా తెస్తాడు? ఏ బిల్లు చూపిస్తాడు?

‘బి’ సీసా పరీక్షకు డబ్బు కట్టాలి. దేశంలో వాడా గుర్తింపు ఉన్న ప్రయోగశాల ఒక్కటే, ఢిల్లీలో ఉంది. అది కూడా ప్రమాణాలు పాటించలేదని 2019 ఆగస్టులో సస్పెండ్ అయి, 2021 డిసెంబరులో గానీ తిరిగి గుర్తింపు పొందలేదు. నిబంధనల్లో ఇంకో మెలిక ఉంది. నాలుగేళ్ల శిక్ష పడే కేసులో అభియోగ నోటీసు అందిన 20 రోజుల్లోపు తప్పు ఒప్పుకుంటే ఏడాది తగ్గుతుంది. వకీలును పెట్టుకోగలిగినవాడు ఆ ఇరవై రోజుల్లో బలాబలాలు తూచుకుంటాడు. పెట్టుకోలేనివాడు నాలుగు కంటే మూడు నయమనుకుని సంతకం చేసేస్తాడు. ఆ సంతకాల్లో ఎన్ని నిజమైన నేరాంగీకారాలో, ఎన్ని నిస్సహాయతలో పైకి కనిపించే అంకెలు చెప్పవు.

అయితే నియమాలు సడలించాలా?

వద్దు. ఒంట్లో దొరికినదానికి క్రీడాకారుడే బాధ్యుడన్న సూత్రం ఎందుకు పుట్టిందో మరచిపోకూడదు. ‘నాకు తెలియదు’ అన్న మాటను ఉన్నపళంగా నమ్మితే నిజాయతీగా పరుగెత్తేవాడికి అన్యాయం జరుగుతుంది. 2023లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చారని తెలియగానే క్రీడాకారులు మైదానం వదిలి పారిపోయారు. పురుషుల వంద మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. స్టేడియం మరుగుదొడ్లో సిరంజీలు కనిపించాయి. అలాంటి చోట పరీక్ష బెత్తం అవసరమే.

కానీ సైక్లింగ్ చరిత్ర మరో పాఠం కూడా చెబుతుంది. ఆ క్రీడలో పెద్ద కుంభకోణాలను బయటపెట్టింది మూత్రం సీసాలు కావు. 1998లో ఫెస్తినా జట్టు బండారం బయటపడింది ఫ్రాన్స్ సరిహద్దులో కస్టమ్స్ వారు ఆపిన కారులో. 2006లో స్పెయిన్ పోలీసుల దాడులు ఓ డాక్టరు దగ్గర నిల్వ ఉన్న రక్తం సంచులను బయటపెట్టాయి. అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ల తరబడి పరీక్షలు దాటుకుంటూ వచ్చాడు. 1999 టూర్‌లో కార్టికోస్టిరాయిడ్ జాడ దొరికితే వెనకటి తేదీతో రాయించిన చీటీ అతన్ని కాపాడింది. చివరికి 2012లో అతని ఏడు టూర్ టైటిళ్లూ ఊడింది సహచరుల సాక్ష్యాలతో, అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ దర్యాప్తుతో. కేవలం సీసాల మీదే ఆధారపడే వ్యవస్థకు దొరికేవాడు సాధారణంగా తెలివిగా మోసం చేసేవాడు కాదు, తెలివిగా మోసం చేయించే డాక్టరు లేనివాడు.

చేయాల్సిన పని

ఈ పాఠాన్ని హైదరాబాద్‌కే వర్తింపజేసి చూద్దాం. ఇంజెక్షన్లు అమ్మినవాడి సంగతి పోలీసులకు తెలుస్తుంది. పొడిపించుకున్న క్రీడాకారుడి సంగతి నాడాకు తెలుస్తుంది. మొదటగా, ఈ రెండు దర్యాప్తులూ ఒక ఫైలులో కలవాలి. నమూనా పాజిటివ్ వచ్చిన ప్రతి కేసులోనూ ఎవరిచ్చారు, ఏ దుకాణంలో కొన్నారు, ఏ కోచ్ చెప్పాడు అన్న ప్రశ్నలకు జవాబు రాబట్టాకే ఫైలు మూయాలి. 2022 నాటి జాతీయ డోపింగ్ నిరోధక చట్టం నాడాకు చట్టబద్ధమైన బలం ఇచ్చింది. ఆ బలం క్రీడాకారుడి కంటే పైన కూర్చున్నవారి మీద వాడినప్పుడే దానికి సార్థకత.

రెండోది న్యాయ సహాయం. అది ఎంత పని చేస్తుందో హైదరాబాద్‌లో శిక్షణ పొందిన స్ప్రింటర్ ద్యుతీ చంద్ కథే సాక్ష్యం. సహజంగా టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉందని 2014లో ఆమెను పక్కన పెట్టారు. అది డోపింగ్ కేసు కాదు. భారత స్పోర్ట్స్ అథారిటీ అండగా నిలబడింది, కెనడా న్యాయవాదులు ఫీజు లేకుండా వాదించారు. 2015లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిబంధననే నిలిపేసింది. చేనేత కుటుంబంలో పుట్టిన అమ్మాయి అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య మీద గెలిచింది. తర్వాత 2022 డిసెంబరులో ఆమె నమూనాల్లో నిషిద్ధ పదార్థాలు దొరికాయి. ఫిజియోథెరపిస్టు చెబితే నొప్పికి వాడానని ఆమె చెప్పినా నాలుగేళ్ల నిషేధం తప్పలేదు. ఆ తీర్పును నేను తప్పు పట్టడం లేదు. అంతర్జాతీయ పతకాలు గెలిచిన క్రీడాకారిణే ఇలాంటి సలహా నమ్మి ఇరుక్కున్నప్పుడు, అడిగే దిక్కు లేని కుర్రాళ్లు ఎంత తేలిగ్గా ఇరుక్కుంటారో ఆలోచించమంటున్నాను. రాష్ట్ర స్పోర్ట్స్ అథారిటీ ఓ న్యాయవాదుల జాబితా తయారుచేసి, నోటీసు వచ్చిన మర్నాడే క్రీడాకారుడికి వకీలు దొరికేలా చూడాలి. ఆదాయం తక్కువ ఉన్నవారి ‘బి’ నమూనా ఖర్చు ప్రభుత్వం భరించాలి.

మూడోది ముందు జాగ్రత్త. కులీ కుతుబ్ షా స్టేడియంలో ఆడే పిల్లలకు, బార్కస్ తాలీంలలో ఉస్తాదులకు ఏ మందు నిషిద్ధమో ఉర్దూలో, తెలుగులో ముఖాముఖి చెప్పాలి. ఢిల్లీ నుంచి వచ్చే ఇంగ్లిష్ కరపత్రం ఆ పని చేయదు. ఆ ఏడు రోజుల మందుల గడిని ఎలా నింపాలో పోటీకి వెళ్లకముందే నేర్పాలి. బజారులో అమ్మే పొడులను తెచ్చి పరీక్షించి, ఫలితాలు ప్రకటించాలి. నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దేశానికి మందులు తయారుచేసి ఇచ్చే ఊరు తన పిల్లలు ఏ పొడి తాగుతున్నారో తేల్చలేకపోతే అది చేతకాక కాదు, పట్టించుకోక.

వీటికి అయ్యే ఖర్చు ఒక్క అంతర్జాతీయ పోటీ ప్రారంభోత్సవానికి పెట్టే దానిలో చిన్న భాగం. నేరం చేసినవాడికి శిక్ష పడాలి, సందేహం లేదు. ఆరోపణ వచ్చిన ప్రతివాడికీ తన మాట పూర్తిగా చెప్పుకునే అవకాశం దక్కినప్పుడే ఆ శిక్షను జనం న్యాయమని ఒప్పుకుంటారు. ఆ అవకాశం కల్పించకుండా పరీక్షలు మాత్రం పెంచుకుంటూ పోతే మన జాబితాలో పేర్లు పెరుగుతాయి, మందు అమ్మేవాళ్ల బేరం మాత్రం తగ్గదు.