పన్ను నోటీసు మీద గ్రంథాలయం చిరునామా: ఏ.ఎస్. రావు నగర్ పాఠకుల ప్రణాళిక

గ్రంథాలయ వారోత్సవాల ప్రచారం ఎలా ఉండాలో తేల్చే కమిటీ సమావేశానికి పాఠకులు అక్కర్లేదట. సభ రోజున వచ్చి కుర్చీలు నింపితే చాలట. ఆ మాట విన్నాక ఏ.ఎస్. రావు నగర్, కాప్రా, కుషాయిగూడ పాఠకులం కూర్చుని రాసుకున్న ప్రణాళిక ఇది. మమ్మల్ని బయట ఉంచి కమిటీవాళ్ళు తేల్చిందేమిటో నవంబరు 14న అందరికీ కనబడింది: ఫ్లెక్సీలు. వాటి మీద ఎవరెవరి ముఖాలున్నాయో చెప్పే పని లేదు. లేనివి మాత్రం రెండు: గ్రంథాలయం ఎక్కడుందో, ఎన్నింటికి తెరుస్తారో. ఈసీఐఎల్ చౌరస్తాలో కోచింగ్ సెంటర్ల బోర్డులు చూడండి, ఫోన్ నంబరు లేకుండా ఒక్కటైనా కడతారా? అమ్ముకునేవాళ్ళకున్న ఇంగితం ఉచితంగా ఇచ్చేవాళ్ళకు లేకపోయింది. 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టిన శాస్త్రవేత్త పేరు పెట్టుకున్న కాలనీ ఇది. ఇక్కడి జనానికి ప్రచారం గురించి ఏం తెలుసనడం మాకు ఇంకా మింగుడుపడలేదు.

కోఠిలో 1901 నాటి గ్రంథాలయం, సికింద్రాబాదులో 1905 నాటిది, బెజవాడలో అయ్యంకివారి 1914 గ్రంథాలయ సభ: మన గ్రంథాలయోద్యమం కథ తెలిసినవాళ్ళకు మళ్ళీ చెప్పం. ఏటా వేదిక మీద దండ వేసి చెబుతూనే ఉన్నారు. కానీ 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవెక్కించడంలో ఉన్న తెలివిని మాత్రం ఎవరూ తలవరు. పడవ ప్రయాణానికి గంటలు పడుతుంది, ఎక్కినవాళ్ళకు వేరే పని ఉండదు, కాబట్టి పుస్తకం అక్కడికే వెళ్ళాలి. జనం ఎక్కడ ఆగుతారో ముందు చూడటం, అక్కడ కనబడటం. ప్రచారమంటే అదే.

ఇప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ ఆగి, కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివే కాగితం ఒకటుంది: ఆస్తి పన్ను నోటీసు. పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నాం. 5,000 రూపాయల పన్ను మీద అది 400. అంత కడుతున్నామని ఎందరికి తెలుసు? మా ప్రధాన డిమాండు ఇదే: నోటీసు మీద, రశీదు మీద, ఫోనుకొచ్చే సందేశంలో ‘గ్రంథాలయానికి మీరు ఇంత చెల్లించారు, దగ్గరి శాఖ ఫలానా చోట, వేళలు ఇవి’ అని మూడు ముక్కలు అచ్చు వేయాలి. 2001లో అమెరికా గ్రంథాలయ సంఘం దేశమంతటా ప్రచారం నడిపింది. మనకు అంత హంగు అవసరం లేదు. నోటీసు ఎలాగూ అచ్చవుతోంది, ఎలాగూ ఇంటికొస్తోంది. అద్దెకుండేవాళ్ళకు అందదంటారా? సెస్సు అద్దెలో కలిసి వాళ్ళ జేబులోంచే పోతోంది. అపార్టుమెంటు నోటీసు బోర్డు మీద ఒక కాపీ అంటిస్తే సరి. ఉన్న కుర్చీలే ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు చాలడం లేదు, ఇంకా జనాన్ని పిలిస్తే ఎలా అన్నది కాస్త బరువైన అభ్యంతరమే. చిక్కడపల్లి గ్రంథాలయం చూసినవాళ్ళెవరూ దాన్ని కొట్టిపారేయలేరు. అయితే కుర్చీలెందుకు లేవు? స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ కావడం లేదని పత్రికలు ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నాయి. తాము 400 కట్టామని తెలిసినవాళ్ళు ఆ బకాయి గురించి అడుగుతారు. ఆ ప్రశ్న రాకూడదనే చిరునామా వేయడం లేదేమో అన్న అనుమానం మాకుంది.

కనుక తేల్చి చెబుతున్నాం. పాఠకుడు ప్రేక్షకుడు కాడు, యజమాని. ముఖాలు దించండి, వేళలు రాయండి. ఉద్యోగస్తులు ఇల్లు చేరే వేళకు తాళం పడే గ్రంథాలయానికి ఎంత ప్రచారమైనా దండగే, రాత్రి తొమ్మిదిదాకా తెరవండి. నోటీసు మీద ఆ మూడు ముక్కలు పడిననాడు ఈ కాలనీలో ప్రతి గుమ్మం గ్రంథాలయానికి దారి అవుతుంది. అపార్టుమెంటు సెల్లార్లలో పుస్తకాల అరలు లేస్తాయి, తాతలూ మనవలూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. కమిటీలో సగం చోట్లు పాఠకులకు ఇచ్చేదాకా ఆహ్వాన పత్రికల మీద ‘పాఠక మహాశయులు’ అని మమ్మల్ని వేయొద్దు. ఈలోగా పన్ను కట్టే కేంద్రం బయట మేమే నిలబడి, ప్రతి రశీదు వెనకా రబ్బరు స్టాంపుతో ఆ చిరునామా గుద్ది ఇస్తాం.