కాగితం లేని కొలువు

వ్యాపారం దెబ్బతిన్నప్పుడల్లా యాజమాన్యాల నోట ముందుగా వచ్చే మాట 'ఖర్చులు తగ్గించుకోవాలి' అని. ఖర్చుల్లో భవనం అద్దె ఉంటుంది, బ్యాంకు వడ్డీ ఉంటుంది, ప్రకటనలకు పోసే డబ్బు ఉంటుంది. కానీ కత్తెర ముందుగా పడేది జీతాల మీద. జీతాల్లోనూ ఆడవాళ్ళ జీతాల మీద. ఆమె సంపాదన ఇంటికి చేదోడు మాత్రమేననీ, అసలు సంపాదన మగవాడిదేననీ ఇంట్లో అనుకునే మాటనే యజమానీ అనుకుంటాడు. ఒంటరి స్త్రీలు, భర్తకు పనిలేని స్త్రీలు, తల్లిదండ్రులను పోషిస్తున్న ఆడపిల్లలు ఈ లెక్కలో ఎక్కడా కనబడరు.

హైటెక్ సిటీలో ఒక కంపెనీ వందల మందిని తొలగిస్తే మరునాడు పత్రికల్లో వస్తుంది. రావలసిందే. నగరానికి తూర్పున, దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా సందుకొకటిగా ఉన్న బడులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, చీరల దుకాణాల్లో ఒక్కొక్కరుగా పని పోగొట్టుకునేవాళ్ళు మాత్రం వార్త కారు. నేను ఈ సంచికలో వాళ్ళ గురించే రాయదలచుకున్నాను. వాళ్ళ అనుభవం అర్థం కావాలంటే 2020కి వెళ్ళాలి.

ఆ ఏడాది మార్చి మధ్యలో రాష్ట్రంలో బడులు మూతపడ్డాయి. లాక్‌డౌన్ కాలానికి కోత లేకుండా జీతాలు ఇవ్వాలని మార్చి 29న కేంద్ర హోం శాఖ ఆదేశించింది. మే 18 నుంచి ఆ ఆదేశం లేకుండా పోయింది. జీతాల సంగతి యాజమాన్యాలూ కార్మికులూ మాట్లాడుకుని తేల్చుకోవాలని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. ఎల్బీనగర్ సందులో ఒకటో తరగతికి పాఠం చెప్పే అమ్మాయి కరస్పాండెంటు ఎదుట ఏ బలంతో కూర్చుని మాట్లాడాలి? ఆమెకు సంఘం లేదు. చేతిలో నియామక పత్రం కూడా లేదు.

అందుకే ఆనాటి తొలగింపులు తొలగింపుల్లా కనబడలేదు. చాలామందికి నోటీసు రాలేదు. 'బడి తెరిచాక కబురు చేస్తాం' అన్నారు, అంతే. ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాక రెండు మూడు సెక్షన్లను కలిపి ఒకే టీచరుకు అప్పగించారు. మిగిలినవాళ్ళతో పనిలేకపోయింది. చిన్నపిల్లల తరగతుల టీచర్లు, ఆటలు, సంగీతం, బొమ్మలు నేర్పేవాళ్ళు, ఆయాలు ముందుగా పోయారు. ఉన్నవాళ్ళకు సగం జీతం. హాస్టళ్ళు ఖాళీ అయితే వంటచేసే ఆడవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు ఇంటిదారి పట్టారు. బీఈడీ చదివిన స్త్రీలు కూరగాయలు అమ్ముకున్నారు, ఊళ్ళకు వెళ్ళి ఉపాధి హామీ పనికి దిగారు. ఏ పనీ చిన్నది కాదు. కానీ చదివిన చదువుకూ పదేళ్ళ అనుభవానికీ ఒక్క రోజులో విలువ లేకుండా పోవడం చిన్న సంగతి కాదు.

ఫీజులు రాలేదని యాజమాన్యాలు అన్నాయి. ఆ ఏడాది ఫీజులు పెంచవద్దనీ, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలనీ ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. అద్దె భవనాల్లో నడిచే చిన్న బడుల ఇబ్బంది నిజమే, కాదనను. కానీ అంతకు ఎంతో ముందే, 1994 జనవరి 1న ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 1 ఒక లెక్క చెప్పింది. వసూలైన ఫీజుల్లో 50 శాతం సిబ్బంది జీతాలకు, 15 శాతం ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, బీమా వంటివాటికి, 5 శాతం యాజమాన్యానికి. మంచి రోజుల్లో ఈ లెక్క ఎన్ని బడుల్లో అమలైంది? వేసవి సెలవులకు జీతం ఎగ్గొట్టి, జూన్‌లో మళ్ళీ కొత్తగా చేర్చుకున్నట్టు రాసుకునే చోట ప్రావిడెంట్ ఫండు ఎక్కడ? లాభం వచ్చినప్పుడు వాటా లేనివాళ్ళు నష్టం వచ్చేసరికి వాటాదారులెలా అయ్యారు?

2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు రూ. 2,000, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆకలి వేళకు అది ఆసరాయే. అయితే ఆ బియ్యం దాకా వెళ్ళాలన్నా రికార్డుల్లో పేరుండాలి. కోచింగ్ సెంటర్లలో చెప్పేవాళ్ళు, హాస్టళ్ళలో వండేవాళ్ళు ఆ పథకంలోకే రాలేదు. కాగితం లేని కొలువు పోయినప్పుడు జీతంతోపాటు సాయం అడిగే హక్కూ పోతుందని అప్పుడు తేలింది.

చట్టం ఏమంటుంది? గోవాలో ఒక బడి నుంచి తొలగించబడిన ఉపాధ్యాయిని సుందరాంబాళ్ కేసులో, ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం కిందికి వచ్చే కార్మికులు కారని 1988లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విద్య నేర్పడం ఉదాత్తమైన పని అన్నది అందులోని వాదన. ఆ ఉదాత్తత ఇంటి అద్దె కట్టదు. గ్రాట్యుటీ కోసం కూడా ఉపాధ్యాయులు 2009లో చట్ట సవరణ దాకా, 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించేదాకా ఎదురుచూడవలసి వచ్చింది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. తొలగింపులకు ప్రభుత్వ అనుమతి అవసరమయ్యే ఫ్యాక్టరీల పరిమితిని 100 మంది నుంచి 300 మందికి పెంచి యజమానులకు దారి సుగమం చేశారు. అదే కోడ్‌లు నియామక పత్రం తప్పనిసరి అంటున్నాయి. కార్మికుల నిర్వచనంలో ఉపాధ్యాయుల పేరు మాత్రం ఇప్పటికీ లేదు.

దుకాణాల్లో పనిచేసే స్త్రీలకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలు వరుసగా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసివేయకూడదు. తీసివేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. అన్యాయమనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చు. పండగ సీజనుకు తీసుకుని, బేరాలు తగ్గగానే పంపించే దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో ఈ సంగతి ఎంతమంది అక్కాచెల్లెళ్ళకు తెలుసు?

కాబట్టి మన డిమాండు స్పష్టంగా ఉండాలి. బడి అయినా, హాస్టలు వంటగది అయినా, చీరల కౌంటరు అయినా చేరిన రోజే నియామక పత్రం ఇవ్వాలి. ఉపాధ్యాయులకు ఇది వర్తించదని తప్పించుకునే వీలు లేకుండా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. జీతం పన్నెండు నెలలకూ బ్యాంకులో పడాలి. ఖర్చు తగ్గించక తప్పదన్న యాజమాన్యం ముందు తన పద్దులు సిబ్బంది ముందు పెట్టాలి.

అంతదాకా మనం చేయగలిగినవి ఉన్నాయి. జీతం పడిన బ్యాంకు పుస్తకం, గుర్తింపు కార్డు, 'రేపు రావద్దు' అని ఫోనుకు వచ్చిన సందేశం జాగ్రత్తగా దాచుకోండి. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టమంటే వెంటనే పెట్టకండి. కార్మిక శాఖ కార్యాలయానికి ఒక్కరే వెళ్ళకండి, పక్క తరగతి టీచరును, పక్క కౌంటరు అమ్మాయిని కలుపుకుని వెళ్ళండి. తీసేసేటప్పుడు వాళ్ళు మనల్ని ఒక్కొక్కరుగా పిలుస్తారు. అడగడానికి మనం కలిసి వెళ్ళాలి.