మాఫీ ఎవరికి? బాకీ ఎవరిది?

ఎన్నికలు వచ్చాయంటే మన పల్లెల్లో మోగే మాట ‘మాఫీ’. ఇది అరబ్బీ, పారశీకాల నుంచి నవాబుల కచేరీల మీదుగా మన ఊళ్లకు చేరిన మాట. అసలు అర్థం మన్నింపు. శిస్తు వసూలు చేసేవాడు ‘ఈ యేటికి నీకు వదిలేశాం, పో’ అంటే అది మాఫీ. మన్నించేవాడు పైన కూర్చుంటాడు, మన్నింపు పొందేవాడు కింద చేతులు కట్టుకు నిలబడతాడు. తప్పు కిందివాడిదేనని ఆ మాటలోనే రాసిపెట్టి ఉంది.

సరే, రైతు చేసిన తప్పేమిటి? 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసింది. విత్తనం ధర, పురుగుమందు ధర కంపెనీ చెబుతుంది. కాయ ధర గుంటూరు యార్డులో వ్యాపారి చెబుతాడు. రైతు చెప్పే ధర ఒక్కటీ లేదు. అయినా క్షమించాల్సింది రైతునే!

ఆ క్షమాపణ అయినా ఎవరికి అందింది? 2008 ఫిబ్రవరి 29న కేంద్రం రుణమాఫీ ప్రకటించింది. ఐదెకరాల లోపువారికి పూర్తిగా రద్దు, ఆపైవారు 75 శాతం కడితే 25 శాతం తగ్గింపు. అయితే అది బ్యాంకులు, సహకార సంఘాల బాకీలకే. అదీ 2007 డిసెంబరు 31 నాటికి గడువు మీరి ఉండాలి. బ్యాంకు వాళ్ల ఒత్తిడికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి గడువులో కట్టినవాడికి మాఫీ లేదు. వాడి బాకీ బ్యాంకు పుస్తకంలోంచి వడ్డీవ్యాపారి నోటులోకి మారింది, అంతే. అర్హులు కొందరు మిగిలిపోయారనీ, అనర్హులకు సొమ్ము చేరిందనీ 2013లో కాగ్ నివేదికే చెప్పింది.

2014లో మన రాష్ట్రంలో కుటుంబానికి లక్షన్నర వరకు మాఫీ అన్నారు. 50 వేల లోపు ఒకేసారి, ఆపైన ఐదు విడతలు. చివరి రెండు విడతలు చాలామందికి అందకుండానే 2019లో ప్రభుత్వం మారింది. డ్వాక్రా అప్పుల మాఫీ అన్న వాగ్దానమైతే తలకు 10 వేల పెట్టుబడి నిధిగా మారిపోయింది.

ఇక సత్తెనపల్లి, క్రోసూరు, అచ్చంపేట ప్రాంతాల కౌలుదారు సంగతి చూడండి. పాసుపుస్తకం యజమానిది, చెమట కౌలుదారుది. ఆ పుస్తకం మీద యజమాని పంట రుణం తెచ్చుకుంటాడు. మాఫీ వచ్చినా అతని ఖాతాలోనే పడుతుంది. 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇస్తామంది. 2019 చట్టం యజమాని సంతకం తెమ్మంది. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమాని జంకుతాడు. కార్డు లేని కౌలుదారు కమీషన్ దుకాణం గుమ్మం ఎక్కుతాడు. పండిన కాయ ఆ దుకాణానికే తోలాలి. ఆ అప్పును మాఫీ చేసే ప్రభుత్వం లేదు.

కూలీ సంగతి చెప్పనక్కర్లేదు. రోగానికి, రొష్టుకు, పిల్ల పెళ్లికి తెచ్చిన అప్పు ఏ జాబితాలోనూ ఎక్కదు. పంట పోతే కోత కూలీ కూడా పోతుంది గదా? ఆ నష్టాన్ని లెక్కగట్టిన అధికారి ఉన్నాడా?

ఇప్పుడు పెద్దల బాకీలు చూద్దాం. 2014-15 నుంచి తొమ్మిదేళ్లలో బ్యాంకులు 14.56 లక్షల కోట్ల రూపాయల మొండి బాకీలను పద్దుల్లోంచి తీసేశాయని 2023 ఆగస్టులో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అందులో 7.40 లక్షల కోట్లు భారీ పరిశ్రమలు, సేవారంగ సంస్థలవి. ఇది మాఫీ కాదు, ‘రైటాఫ్’, బాకీదారు కట్టాల్సిందే అంటారు. కాగితం మీద ఆ తేడా నిజమే. కానీ అలా తీసేసిన బాకీల్లో తిరిగి వసూలైంది రెండు లక్షల కోట్ల పైచిలుకు మాత్రమే. పెద్దవాడికైతే లెక్కల మాట, చిన్నవాడికైతే మన్నింపు మాట! రైతుకు రూపాయి వదిలితే ‘ఖజానా ఖాళీ’ అని గగ్గోలు పెట్టేవారు అక్కడ నోరు మెదపరు.

మన్నింపు కాని దారి మన చట్టాల్లోనే ఉంది. 1977 నాటి వ్యవసాయ రుణభార ఉపశమన చట్టం కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారు, చిన్న రైతులు ప్రైవేటు వడ్డీవ్యాపారులకు అప్పటికి పడిన బాకీలు తీరిపోయినట్టేనని ప్రకటించింది. అందులో కూలీ పేరుంది! అయితే పాత నోటు చింపినంత మాత్రాన సరిపోదు. కొత్త పంటకు బ్యాంకు అప్పివ్వకపోతే మళ్లీ పాత గుమ్మమే గతి. కేరళ 2006లో చట్టం చేసి రైతు రుణ విమోచన కమిషన్ పెట్టింది. ప్రైవేటు అప్పుల మీద న్యాయమైన వడ్డీ ఎంతో తేల్చే అధికారం దానికిచ్చింది.

1922లో ఈ పల్నాట పుల్లరి కట్టం అని నిలబడి కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలయ్యాడు. ఆ పోరాటం అడిగింది మన్నింపు కాదు, హక్కు. మనమూ అదే అడగాలి. యజమాని సంతకంతో పని లేకుండా కౌలుదారుకు కార్డు, బ్యాంకు అప్పు కావాలి. కూలీల ప్రైవేటు అప్పులను కూడా విచారించే కమిషన్ కావాలి. పంట నష్టం లెక్కలో పోయిన పనిదినాలూ చేరాలి.

ప్రతి ఊళ్లో కౌలుదారుల పేర్లు, కూలీల అప్పులు మనమే రాసుకుందాం. ఆ జాబితాతో గ్రామసభకు పోదాం. ఈసారి ఎవరైనా వచ్చి ‘మాఫీ చేస్తాం’ అంటే, ‘మేం చేసిన తప్పేంటి?’ అని ముందు అడుగుదాం.