నడిమి పేరాలో ఏముంది?

పదో తరగతి పిల్లల వ్యాసాలు దిద్దేటప్పుడు నాకో అలవాటు ఉంది. మొదటి పేరాని, చివరి పేరాని చేత్తో మూసేసి మధ్యలో ఉన్నది మాత్రమే చదువుతాను. మీ ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే వాళ్ల నోటుబుక్కు తీసి మీరూ ఒకసారి ఇలా చేసి చూడండి. మొదలు బ్రహ్మాండంగా ఉంటుంది. ముగింపులో 'కావున మనమందరం కలిసికట్టుగా కృషి చేయాలి' అని ఉండనే ఉంటుంది. అసలు చిక్కంతా ఆ రెంటి నడుమే! విస్తట్లో ముందు తీపి, చివర పెరుగు వేసి, మధ్యలో అన్నం కూరలు మరిచిపోయినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇందులో పిల్లల తప్పేం లేదు. వ్యాసానికి ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు ఉండాలని మనం నేర్పుతాం. ఉపోద్ఘాతానికి ఒక సూక్తి, ముగింపుకి ఒక ప్రతిజ్ఞ మనమే చేతికిస్తాం. విశ్లేషణ దగ్గరికొచ్చేసరికి గైడులోని 'కారణాలు, నష్టాలు, నివారణ చర్యలు' అనే మూడు శీర్షికలు ఇచ్చి చేతులు దులుపుకుంటాం. ఇక వాడేం రాస్తాడు? 'నీరు ప్రాణాధారం. నీరు లేకపోతే మనం బతకలేము. నీరు చాలా విలువైనది. కావున నీటిని వృథా చేయరాదు.' వాక్యాలు నాలుగు, విషయం ఒక్కటే. ఉన్నచోటే తిరిగే గానుగెద్దు నడక అది.

నేను క్లాసులో చెప్పేది ఇదీ: మధ్యలో వచ్చే ప్రతి పేరా నాలుగు పనులు చేయాలి. ఒక మాట చెప్పాలి. దానికి సాక్ష్యం చూపాలి. ఆ సాక్ష్యం ఆ మాటను ఎలా నిలబెడుతుందో విప్పి చెప్పాలి. తర్వాతి పేరాకి దారి వేయాలి. వీటిలో మూడో పనినే పిల్లలు ఎక్కువగా వదిలేస్తారు. సాక్ష్యం పడేసి వెళ్లిపోతారు, మిగతాది చదివేవాళ్లే ఊహించుకోవాలన్నట్టు.

'చెరువులు - నగరాలు' అనే వ్యాసమే తీసుకోండి. నేను బోర్డు మీద ఇలా రాస్తాను: 'నగరానికి ఎగువన ఉన్న జలాశయం తాగునీరు ఇవ్వడమే కాదు, వరద నుంచి కాపాడుతుంది కూడా. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద హైదరాబాదును ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన జలాశయాలు కట్టే పని మొదలైంది. 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీపై హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. కుంభవృష్టి కురిసినప్పుడు ఇలాంటి జలాశయం నీటిని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుంది. అందువల్ల ప్రవాహమంతా ఒక్కసారిగా ఊరి మీద పడదు. అయితే ఆ నీరు వచ్చే దారులే మూసుకుపోతే?'

ఇప్పుడు పిల్లల్ని ఒక్కో వాక్యం చెరిపేయమంటాను. సంవత్సరాలు చెరిపేస్తే మాట గాల్లో తేలుతుంది. 'కొంచెం కొంచెంగా వదులుతుంది' అన్నది తీసేస్తే చరిత్ర పాఠం మిగులుతుంది తప్ప వాదన మిగలదు. చివరి ప్రశ్న తీసేస్తే తర్వాత కబ్జాల గురించి రాయబోయే పేరాకి ఉన్న దారం తెగిపోతుంది. ఏ వాక్యం ఏ పని చేస్తోందో అలా చెరిపి చూస్తేనే వాళ్లకి తెలుస్తుంది. సూత్రం బట్టీ పట్టిస్తే తెలియదు.

ఇంట్లో కూడా చేయించగల పనులు రెండున్నాయి. మొదటిది, 'అయితే ఏంటి?' ఆట. పిల్లవాడు ఒక వాక్యం చదవగానే మీరు 'అయితే ఏంటి?' అనండి. 'బోర్లు ఎక్కువయ్యాయి.' అయితే ఏంటి? 'నీళ్లు లోతుకి పోయాయి.' అయితే ఏంటి? 'ఇంకా లోతుగా తవ్వాలంటే అప్పు చేయాలి, అంత స్తోమత లేనివాళ్ల పొలం బీడు పడుతుంది.' చూశారా, మూడో జవాబుకే పేరా పుట్టింది. రెండోది, మార్జిన్ పరీక్ష. ప్రతి పేరా పక్కన అందులోని విషయాన్ని ఐదు మాటల్లో రాయించండి. రెండు పేరాల పక్కన ఒకటే మాట వస్తే వాటిని కలిపేయాలి. ఒకే పేరా పక్కన రెండు విషయాలు వస్తే విడగొట్టాలి.

మరి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది అంటారా? అన్నీ పుస్తకాల్లోనే ఉండక్కర్లేదు. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ల తాతయ్యని అడిగి వచ్చి రాసింది: ఆయన చిన్నప్పుడు బావిలోకి వంగి చెంబు ముంచి నీళ్లు తీసుకునేవారట, ఇప్పుడు అదే పొలంలో బోరు ఆరు వందల అడుగులు దిగినా నీళ్లు సన్నగానే వస్తున్నాయట. సూక్తి ఒక్కటీ లేదు. అయినా ఆ పేరా చదివాక భూగర్భజలాల గురించి ఆ అమ్మాయికి నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

'ఇదంతా దేనికండీ, పదో తరగతిలో వ్యాసానికి వచ్చే మార్కులెన్ని?' అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసాల పేపరే 250 మార్కులు. మూడు గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోటి వెయ్యి నుంచి పన్నెండు వందల పదాలు, కావాలంటే తెలుగులోనే రాయొచ్చు. గ్రూప్-1 మెయిన్స్‌లో కూడా జనరల్ ఎస్సే ఉంది. అక్కడ సూక్తులతో వెయ్యి పదాలు నింపడం ఎవరి తరమూ కాదు.

అయినా నా బెంగ మార్కుల గురించి కాదు. రేపు మన పిల్లలు పంచాయతీ ఆఫీసుకి అర్జీ రాయాలి. 'మా వీధికి నీళ్లు రావడం లేదు, దయచేసి చర్యలు తీసుకోగలరు' అని రాస్తే ఆ కాగితం ఫైలు అడుగుకి పోతుంది. ఎన్ని రోజుల నుంచి రావడం లేదు, ఎన్ని ఇళ్లకి రావడం లేదు, పైపు ఎక్కడ పగిలింది, దానివల్ల ఎవరికి ఏం ఇబ్బంది అన్నవి వరుసగా రాస్తే జవాబు చెప్పక తప్పదు. ఫోన్లోకి వచ్చిన ప్రతి మెసేజినీ నమ్మేసే ముందు 'దీనికి సాక్ష్యమేది?' అని ఆగి అడిగే బుద్ధి కూడా ఇక్కడే మొదలవుతుంది.

ఈ ఆదివారం పిల్లల చేత వ్యాసం మొత్తం రాయించకండి. ఉపోద్ఘాతం వద్దు, ముగింపూ వద్దు. 'మా వీధిలో మారాల్సింది ఒక్కటే' అని చెప్పి ఒకే ఒక్క పేరా, ఎనిమిది వాక్యాలకు మించకుండా రాయమనండి. రాశాక పక్కన కూర్చుని, నెమ్మదిగా 'అయితే ఏంటి?' అనండి.