బాలల చిత్రోత్సవము

ఆదివారమునాడు హైదరాబాదు నగరమునందలి ఆబిడ్సు వీథిలో పెద్ద దుకాణములు చాలవరకు మూసియుండును. ఆ మూసిన తలుపుల ముందు, కాలిబాటమీద, పాతపుస్తకముల వర్తకులు గోనెపట్టలు పరచి పుస్తకములను కుప్పలుగా పోయుదురు. పెద్ద అంగడిలో కానరాని గ్రంథము ఒక్కొక్కప్పుడు అచట దొరకును. ఏ ప్రకటనయు లేకయే, ఎవరును సిఫారసు చేయకయే, ఒక పుస్తకము తన్ను చదువవలసినవాని చేతిలో పడును. విద్యార్థులారా! చలనచిత్రములకు ఇట్టి కాలిబాట యేది? చిత్రోత్సవమే ఆ కాలిబాట యని నా అభిప్రాయము.

చిత్రమును తీయుట కష్టము. తీసినదానిని నలుగురికి చూపుట అంతకంటె కష్టము. పేరుగల నటులు లేని చిత్రమును ప్రదర్శించుటకు సినిమాహాలు యజమాని జంకును. అతనిని నేను నిందింపను. విద్యుచ్ఛక్తికి, పనివారి జీతములకు సొమ్ము చెల్లింపవలసినవాడు అతడే గదా! కాని ఆ జంకువలన చూడదగిన చిత్రము లనేకములు మన కంటబడకయే పోవుచున్నవి. వెంకటేశ్ మహా దర్శకత్వమున వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ అను చిత్రము సంగతి వినుడు. విశాఖపట్టణమునందలి కంచరపాలెము నివాసులే అందు పలువురు నటించిరి. 2018లో ఆ చిత్రము న్యూయార్కు నగరమున జరిగిన భారతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడినది. ఆ తరువాతనే మన హాళ్లకు వచ్చినది. మన ఊరివారి కథ సముద్రములు దాటిపోయి, తిరిగి మన ఊరికి రావలసివచ్చెను!

చలనచిత్రముతో హైదరాబాదునకు గల సంబంధము నేటిది కాదు. ధీరేంద్రనాథ గంగూలీ అను వంగదేశీయుడు 1922లో ఇచట లోటస్ ఫిల్మ్ కంపెనీని స్థాపించి మూకీచిత్రములు తీసెను. 1924లో ఆయన ‘రజియా బేగం’ అను చిత్రమును ప్రదర్శింపగా అది నిజామునకు రుచింపలేదు. ఆయన సంస్థానము విడిచి పోవలసివచ్చినది. దానితో ఇచటి చిత్రనిర్మాణమునకు ఆదిలోనే హంసపాదు పడినది. మాటలైనను లేని ఒక తెరబొమ్మను చూచి అంతటి ప్రభువు కలత చెందెనన్నచో, ఆ బొమ్మకుగల శక్తి యెట్టిదో మీరే ఊహించుకొనుడు. ఇంతటి శక్తిగల వస్తువును చూచుట యెట్లో మన పాఠశాలలలో నేర్పుటయే లేదు. పద్యమునకు ప్రతిపదార్థము చెప్పుదుము, పటమునందు నదులను గుర్తింపజేయుదుము. సినిమా సంగతి వచ్చునప్పటికి మాత్రము చూడవద్దనుటతోనే మా బోధ ముగియును.

ఈ విద్యను తమంతట తామే నేర్చుకొనినవారు లేకపోలేదు. 1934లో తిరుమలగిరిలో జన్మించిన శ్యామ్ బెనెగల్ ఉస్మానియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదువు దినములలో హైదరాబాదు ఫిల్మ్ సొసైటీని స్థాపించెను. మంచి చిత్రములను తెప్పించుకొని, కలిసి చూచి, చర్చించుకొనుట అట్టి సంఘముల పని. ఆ యువకుడే పెద్దవాడై 1974లో తెలంగాణ పల్లెజీవితమును చూపిన ‘అంకుర్’ను, మరుసటి యేడు బాలల చలనచిత్ర సంస్థకొరకు ‘చరణ్‌దాస్ చోర్’ను తీసెను. అబద్ధమాడనని గురువునకు మాట యిచ్చిన ఒక దొంగ కథ యది. సత్యమును గూర్చి మేము తరగతిలో చెప్పు పాఠములకంటె ఆ దొంగయే బాగుగా బోధించునని నాకు అనుమానము.

ఆ బాలల చలనచిత్ర సంస్థ 1955లో ఏర్పడినది. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరము. ఆ యేడే ఆ సంస్థ అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవమును ఆరంభించెను. రెండేండ్ల కొకసారి జరుగు ఈ ఉత్సవమునకు ‘బంగారు ఏనుగు’ అని ముద్దుపేరు. కొంతకాలము నగరమునుండి నగరమునకు తిరిగి తిరిగి, 1990 దశకమున ఆ ఏనుగు హైదరాబాదును స్థిరనివాసముగా చేసికొన్నది. నవంబరు మాసము వచ్చినదనగా దేశదేశముల చిత్రములు మన పిల్లలకొరకు తరలివచ్చెడివి.

ప్రధానోపాధ్యాయుడనుగా నున్న కాలమున నేనును ఒక యేడు మా విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లితిని. ఆనాటి చిత్రము మాలో నెవ్వరికిని తెలియని భాషలో నున్నది. తెర క్రింది ఆంగ్లాక్షరములు మా పిల్లలు చదువులోపలనే మాయమగుచుండెను. అయినను కథ వారికి అర్థమైనది. పొరుగువాని పంజరములోని పక్షిని ఒక బాలుడు రాత్రివేళ విడిచిపెట్టును. తిరిగి వచ్చునపుడు బస్సులో ఒక బాలిక, అది దొంగతనమా కాదా యని అడిగెను. కాదని ఒకడు, ఔననియు పక్షి వెల చెల్లింపవలసినదే యనియు మరియొకడు వాదించిరి. పంజరములో పెట్టినవాడే దొంగ యని వెనుక బల్లపైనున్న యొక పిల్లవాడు పలికెను. వాడు తరగతిలో ఏనాడును నోరు విప్పి యెరుగడు. ఎవరును నా తీర్పు నడుగలేదు, నేనును చెప్పలేదు.

ఆ ఉత్సవము ఇరువదియవసారి 2017 నవంబరులో హైదరాబాదున జరిగినది. 2022లో ఆ సంస్థ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైపోయినది. బంగారు ఏనుగు మరల మన నగరమునకు రాలేదు. నాడు ఎనిమిదవ తరగతిలో నున్న పిల్లలు నేడు కళాశాలలు దాటిపోయిరి. వారి తరువాతివారికి అట్టి వస్తువొకటి ఉండెడిదనియే తెలియదు.

చేతిలోని ఫోనులో లోకములోని సినిమా లన్నియు ఉండగా ఉత్సవ మెందుకని కొందరు పెద్దలు నన్ను ప్రశ్నించిరి. ఫోను మనకు నచ్చినదానినే మరల మరల వడ్డించును. విసుగు పుట్టినచోట వ్రేలితో తోసివేయవచ్చును. హాలులో నట్లు కాదు. మనము నవ్వనిచోట ప్రక్కవాడు నవ్వును. వాడేల నవ్వెనో యని మనము ఆలోచింతుము. పరీక్షల చదువు చెడునని చెప్పినవారికి మాత్రము నేను బదులు చెప్పలేదు. వారు నా మాటను ఎన్నడును వినలేదు.

నా మనవి యేమనగా, పెద్ద ఏనుగు వచ్చువరకు వేచియుండనక్కరలేదు. ఆబిడ్సులో ప్యాలెస్, జమరూద్, రామకృష్ణ హాళ్లు మూతపడినమాట నిజమే. కాని అచటినుండి కొంతదూరము నడచిన నాంపల్లి వచ్చును. అచటి పబ్లిక్ గార్డెన్సులో లలితకళా తోరణమున్నది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు నుమాయిష్ అను వస్తుప్రదర్శనమును కొలది దుకాణములతో మొదలిడినది ఈ తోటలోనే. నేడు ఏటేట జనవరిలో అది యెంత పెద్ద తిరునాళ్లో మీరెరుగుదురు. తోటకు సమీపముననే రవీంద్రభారతి కలదు. అందలి పైడి జైరాజ్ ప్రదర్శనశాలలో 2016లో ‘సినివారం’ అను పేర శనివారములందు యువకులు తీసిన చిన్నచిత్రములను ప్రదర్శించు ఏర్పాటు మొదలైనది. విత్తనము చేతనేయున్నది.

కనుక నవంబరులో ఒక వారము, ఉదయపు వేళ, మొదటి యేడు అయిదు చిత్రములు చాలును. ఒకటి తెలుగుది కావలెను. ఒకటి విద్యార్థులే తీసినది కావలెను. పరభాషాచిత్రములకు ఒకరు మైకు పట్టుకొని తెలుగుమాటలు చదువవలెను. నాంపల్లి, ఆబిడ్సు, సుల్తానుబజారు పాఠశాలల పిల్లలు నడచియే రావచ్చును. దూరమువారికి నాంపల్లిలో మెట్రో రైలు ఆగును. జ్యోతిప్రజ్వలనము చేయుదురు గాక, కాని ఉపన్యాసములు వలదు. చిత్రము ముగిసిన తరువాత దీపములు వెలిగించి అరగంటసేపు పిల్లలను మాటలాడనీయవలెను. ఆ అరగంట పెద్దలు వెనుక వరుసలో మౌనముగా కూర్చుండవలెను. నాకును అచటనే ఒక కుర్చీ వేయించిన చాలును.