పాత బూట్లు – క్రొత్త సందేహములు



మంచిర్యాల ప్రాంతమునుండి ఒక సోదరి ఈ శీర్షికకు లేఖ వ్రాసినది. అందు రెండు ప్రశ్నలు గలవు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న ఆమె కుమారుడు పాత ఆటబూట్లను ఏరి కొని దాచుచున్నాడట. ఆంగ్లమున స్నీకర్లనబడు ఆ బూట్లలో కొన్ని అతడు పుట్టకమున్ను తయారైనవట. కాలికి తొడుగుట లేదు. దుమ్ము తుడిచి మరల పెట్టెలో పెట్టుటయే. ఇది వేడుకయా, వెర్రియా యని ఆమె మొదటి ప్రశ్న. ‘మా అత్తగారి కాలమున ఒక జత చెప్పులు మూడేండ్లు వచ్చెడివి. జూనులో మనుమరాలికి కొన్న బడిబూట్లు దసరా రాకమునుపే నోరు తెరచినవి. వస్తువుల మన్నిక ఇట్లేల తగ్గినది?’ అని రెండవ ప్రశ్న. ఈ రెండును ఒకే వేరునుండి పుట్టిన కొమ్మలని నాకు తోచినందున ఈ మాసము పాదరక్షలను గూర్చి ముచ్చటింపదలచితిని.

పాదరక్షలను భద్రపరచుట నేడు పుట్టిన వేడుక కాదు. భరతుడు అన్నగారి పాదుకలను శిరసున దాల్చి తెచ్చి, నందిగ్రామమున సింహాసనముపై నుంచి పదునాలుగు వత్సరములు కొలిచెను. వాని మూల్యము వానిలోని బంగారమున లేదు. వానిని తొడిగిన పాదములయందున్నది. నేటివారి పోకడయు కొంత అట్టిదే. అమెరికా బంతియాటగాడు మైకేల్ జోర్డాన్ 1998వ సంవత్సరపు తుదిపోటీలలో తొడిగిన బూట్లజత 2023లో వేలమున 22 లక్షల డాలరులకు పైగా పలికినది. కెనడాలోని టొరాంటో నగరమున 1995నుండి పాదరక్షలకే ఒక ప్రదర్శనశాల గలదు. కావున ఆ సోదరి కుమారుని వెర్రివానిగా నెంచవలసిన పనిలేదు. మనము పెండ్లినాటి పట్టుచీరను మడతలు మార్చుచు దాచుకొనమా? అయితే, దాచుకొను వస్తువు స్వభావము తెలిసి దాచవలయును. తెలియకున్న ధనమును పోవును, వస్తువును పోవును.

ఈ ఆటబూటు పుట్టుపూర్వోత్తరములు కొంత చెప్పెదను. అమెరికాలో చార్లెస్ గుడియర్ అను నాతడు 1839లో రబ్బరును గంధకముతో కలిపి కాచి, ఎండకు కరుగక చలికి పెళుసుబారక యుండునట్లు గట్టిపరచు విధము కనుగొనెను. పిమ్మట గుడ్డపైభాగమునకు రబ్బరు అడుగు వేసిన తేలిక బూట్లు వెలసినవి. అడుగుల చప్పుడు వినబడనీయక నడువనిచ్చునవి గనుక స్నీకర్లను పేరు వచ్చినది. నేటికిని చెలామణిలో నున్న కాన్వర్స్ వారి ఆల్ స్టార్ బూటు 1917 నాటిది. మన దేశమున బాటా వారు 1931లో కలకత్తా చేరువను పని మొదలిడిరి; పిమ్మట అచట బాటానగరమను ఊరే వెలసినది. 1936లో వారు మన బడిపిల్లల కొరకై తెల్లని టెన్నిసు బూటును తెచ్చిరి. వ్యాయామపు గంటకు ముందు ఆ తెలుపు మాసినచోట సుద్దముక్క రుద్దుకొని వరుసలో నిలిచిన పిల్లలు మన జిల్లాల బడులలో ఎందరో గలరు. ఉపాధ్యాయుల యిండ్లవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక దాచినవాని గతి యేమనగా, రబ్బరు ఏండ్లు గడిచినకొలది గట్టిపడి బీటలు వారును. జిగురు ఎండి పట్టు విడుచును. ఇటీవలి దశాబ్దముల బూట్లలో కాలికి మెత్తదనము నిచ్చుటకై అడుగున పాలియురెథేను అను కృత్రిమపదార్థపు నురుగును వాడుచు వచ్చిరి. దానికి గాలిలోని తేమయే శత్రువు. తేమ లోనికి చేరి ఆ పదార్థపు కట్టును కొంచెము కొంచెముగా విప్పును. పైకి క్రొత్తదివలె మెరయు బూటును ఏండ్ల తరువాత తొడిగి పది యడుగులు వేయగనే అడుగుభాగము ఎండిన రొట్టెవలె పొడిపొడియై రాలును. తొడుగలేదు గనుక అరగలేదని సంతోషింప వీలులేదు. పెట్టెలోనే అది ముసలిదగును. మన వానకాలపు తేమ దానికి మరింత చేటు. కావున ఆ కుమారుడు జతలను ప్లాస్టిక్ సంచులలో బిగించి కట్టక, చల్లని పొడిచోట గాలి తగులునట్లు ఉంచవలయును. అట్లుంచినను అవి కన్నులకే గాని కాళ్లకు కావని తెలిసి కొనవలయును.

రెండవ ప్రశ్నకు వత్తము. పాతవన్నియు గట్టివి, క్రొత్తవన్నియు బోలువి యనుట న్యాయము కాదు. పాతవానిలో చెడ్డవి యేనాడో పెంటపాలైనవి. మన కంటబడునవి మిగిలిన మంచివే. నేటి మేలిబూటు పాతదానికంటె తేలిక. పరుగెత్తువారి మోకాళ్లకు సుఖము. అయినను ఒక భేదము మాత్రము నిజము. పూర్వపు తోలుబూటునకు అడుగును పైభాగమును దారముతో కుట్టెడివారు. అడుగు అరిగినచో కుట్టు విప్పి వేరొక అడుగు వేయవచ్చును. నేటి చౌక బూటునకు కుట్టు లేదు, జిగురే ఆధారము. కొన్నిటికి అంచున కనబడు కుట్టుగీతలు సైతము అచ్చున పోసిన అలంకారమే. తోలని మనము కొనునదియు పలుమారు గుడ్డపై పూసిన ప్లాస్టిక్ పొరయే. అది పొలుసులుగా లేచిన పిమ్మట ఏ మోచియు దానిని బాగుచేయజాలడు. ధర తగ్గుటకు ఇదియొక కారణము. మన్నిక తగ్గుటకును ఇదియే కారణము. బాగుచేయ వీలులేని వస్తువు ఎంత చౌకగా దొరకినను ఏడాదికి రెండుమార్లు కొనవలసివచ్చునప్పుడు చౌక యెట్లగును?

ఆ సోదరి అత్తగారి కాలపు చెప్పులు ఎట్టివో తెలియుటకు దూరదేశములకు పోనక్కరలేదు. కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలలోని పెద్దలనడిగిన కిర్రుచెప్పుల మాట చెప్పుదురు. సీమబూటు చప్పుడు చేయకుండుటచే పేరు పొందగా మన చెప్పు చప్పుడుచేతనే పేరు పొందినది. తోలుపొరలు ఒకదానిపై నొకటి పేర్చి కుట్టిన అడుగు నడచునప్పుడు ఒరసికొని కిర్రుమనెడిది. తుమ్మముల్లు దిగని మందము; నల్లరేగడి నేలకును, వైశాఖపు టెండకును తగిన కట్టు. క్రొత్తజతకు ఆముదము పట్టించి మెత్తబరచెడివారు. కుట్టు తెగినచో చేసినవానియొద్దకే తీసికొనిపోయెడివారు.

ఆ తోలును పదును చేయు విధమును మనము తెలిసికొనదగినదే. పచ్చితోలును సున్నపునీట నానవైచి వెండ్రుకలూడ్చి, శుభ్రపరచి, తంగేడు చెక్కనో తుమ్మచెక్కనో దంచి నానబెట్టిన రసమున ఊరబెట్టుదురు. కరక్కాయయు వాడుట గలదు. ఈ ఊరబెట్టు తావునే మన వైపు లంద యందురు. కొన్నిచోట్ల తోలునే సంచిగా కుట్టి అందు రసము నింపి వ్రేలాడదీయుదురు. వారములకొలది ఓపిక పట్టిననే తోలు పండును. క్రోము లవణములతో పదును చేయు క్రొత్త విధమున ఆ పని కొలది దినములలోనే ముగియును. నేడు లోకమున ఎక్కువ తోలు అట్టిదే. అది మెత్తన, పలుచన. చెక్కరసపు తోలు బిరుసు, బరువు. కాని ఏండ్లు మోయును. బతుకమ్మను పేర్చునప్పుడు మనము మొదట వెదకు తంగేడుపూవును 2014లో రాష్ట్రము ఏర్పడిన పిమ్మట రాష్ట్రపుష్పముగా గౌరవించిరి. ఆ చెట్టు చెక్కయే మన తాతల పాదములను కాచినదని ఎందరికి జ్ఞాపకమున్నది?

ఇచట మనము పాతకాలమును పొగడి ఊరకుండరాదు. ఆ చెప్పులు కుట్టిన మాదిగ కుటుంబములకు దక్కినదేమి? రైతు బావికి మోటతొండము, ఎద్దులకు తోలుపట్టెలు, ఇంటిల్లిపాదికి చెప్పులు చేసియిచ్చి కల్లమునొద్ద ధాన్యమునకై చేయి చాచవలసినవారు వారు. నిజాము కాలపు వెట్టిలో దొరలకు చెప్పులు ఉచితముగానే కుట్టియీయవలసి వచ్చెడిది. చెప్పులు చేసినవారే గడీ యెదుట చెప్పులు విడిచి నడువవలసి వచ్చెడిది. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటమున వెట్టి రద్దు ముఖ్యమైన కోర్కె యగుటకు ఇట్టి బాధలే కారణము. మనము మెచ్చుకొను మన్నికలో కొంత పనితనము. కొంత కూలి చెల్లింపని శ్రమ. రెండవదానిని మరచి మొదటిదానిని మాత్రము తలచి నిట్టూర్చుట ధర్మము కాదు.

పిమ్మట బావులకు కరెంటు మోటార్లు వచ్చినవి. మోటతొండముల పని పోయినది. ప్లాస్టిక్ చెప్పులు సంతలకు వచ్చినవి. చెప్పుల గిరాకీ పోయినది. తండ్రి చేతి ఆరెను, రంపెను కుమారుడు పట్టక వేరు పనికి పోయెను. అవమానము తెచ్చు పని విడిచినందుకు వానిని తప్పు పట్టువారెవరు? మన కరీంనగరపు వెండితీగ పనిని, నిర్మల కొయ్యబొమ్మలను అతిథులకు సగర్వముగా చూపుదుము. వానికి భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. కొల్హాపురపు చెప్పులకు 2019లో అట్టి గుర్తింపు వచ్చినది. 2025 జూనులో ఇటలీలోని ప్రాడా సంస్థవారు వానిని పోలిన చెప్పులను మొదట ఆ పేరైన చెప్పక ప్రదర్శింపగా దేశమంతయు ఆక్షేపించినది. తరువాత వారు ఆ ఋణమును అంగీకరించిరి. పేరుతోపాటు గౌరవము, గౌరవముతోపాటు తగిన వెల లభించిననే ఏ పనితనమైనను నిలుచును. పెట్టెలో దాచిన బూటు చేత బూటు నిలువదు. కుట్టు చేయి నిలిచిననే నిలుచును.

ఇది అలంకారపు విషయము మాత్రమే యని తలపకుడు. భారతమున ఆనుశాసనిక పర్వమున నొక కథ గలదు. జమదగ్ని వినోదార్థము బాణములు వేయుచుండగా రేణుక వానిని ఏరి తెచ్చుచుండెను. జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నమున ఆమె తలయు పాదములును కాలి, చెట్టునీడ నిలిచి ఆలస్యముగా వచ్చెను. ముని సూర్యునిపై కోపింపగా, ఆయన దిగివచ్చి గొడుగును పాదరక్షలను ఒసగెను. లోకమునకు పాదరక్షలు వచ్చినది ఒక గృహిణి కాళ్లు కాలినందులకే! నేటి గృహిణులలో చక్కెరవ్యాధి గలవారు అనేకులు. ఆ వ్యాధి ముదిరినచో అరికాలికి స్పర్శ తగ్గును; చెప్పు ఒరసి పుండైనను తెలియదు; ఆ పుండే ఒక్కొక్కప్పుడు కాలు తీయించువరకు పోవును. అట్టివారు ఎం.సి.ఆర్. అనబడు మెత్తని సన్నరంధ్రముల రబ్బరు చెప్పులను వైద్యుని సలహాపై తొడుగుట మేలు. పిల్లలకు కురుచదియు, ‘పెరుగునులే’ యని రెండు కొలతలు పెద్దదియు కొనరాదు.

కొనునప్పుడు పాటింపదగిన కొన్ని నియమములు చెప్పెదను. బూటును చేత పట్టి ముందుభాగమున వంచి చూడుడు. వ్రేళ్ల కీలు వద్ద వంగవలయును, నడుమ విరిగినట్లు మడవరాదు. అడుగును పైభాగమును కలియు అంచును గోటితో మీటి చూడుడు. అతుకు విచ్చినచో విడువుడు. కుట్టు నిజమైన కుట్టో, అచ్చు గీతయో గమనింపుడు. అన్నిటికంటె మేలైన పరీక్ష మరొకటి. మీ వీధిమూలనున్న మోచికి ఒకమారు చూపి, ‘ఇది తెగినచో కుట్టగలవా?’ యని యడుగుడు. ఆతడు తల యూపినది కొనదగినది. ఆతనికి తగిన కూలి బేరమాడక ఇచ్చుట మరువకుడు.

ఇంట పాటింపవలసినవి కొన్ని గలవు. వీలైనచో రెండు జతలను మార్చి మార్చి తొడిగిన రెండును ఎక్కువ కాలము వచ్చును. చెమట ఆరుటకు వ్యవధి దొరకును. తడిసిన బూటులో పాత వార్తాపత్రికలు కూరి నీడన ఆరవేయుడు. మండుటెండను, పొయ్యి చెంతను పెట్టకుడు. తోలుచెప్పులకు ఏడాదికి రెండుమార్లు కొంచెము ఆముదము పట్టింపుడు. చిన్న కుట్టు తెగిననాడే వేయింపుడు.

లేఖ వ్రాసిన సోదరికి నా సమాధానమిది. కుమారుని వేడుకను మాన్పింపవలదు. అయితే ఈమారు ఇంటికి వచ్చినప్పుడు ఆతనిని వెంటబెట్టుకొని, కిర్రుచెప్పులు కుట్టనేర్చిన వృద్ధుడెవరైన మీ చుట్టుప్రక్కల నున్నచో వారియొద్దకు పొండు. అడిగిన వెలయిచ్చి ఒక జత కుట్టింపుడు. దానిని పెట్టెలో పెట్టక తొడిగి నడువుమని చెప్పుడు. మీ ప్రాంతములలో అట్టి పనివారున్న ఊళ్ల పేర్లను ఇతర సోదరీమణులు తెలియజేసినచో రాబోవు సంచికలలో సంతోషముతో ప్రకటింతును.